గైడ్ చూపించిన చోటే చూస్తే: అఫ్జల్‌గంజ్ నేర్పిన రీసెర్చ్ పాఠం

ముందే ఒక మాట చెప్పేస్తాను. నాది ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లిష్ మీడియం. తెలుగు సెకండ్ లాంగ్వేజ్, అదీ టెన్త్ వరకే. ఇంటర్‌లో మార్కుల కోసం సంస్కృతం తీసుకున్న బ్యాచ్ మాది. కాబట్టి ఒత్తులు ఎక్కడైనా తప్పితే మన ఎడిటర్లను పట్టుకోండి, నన్ను వదిలేయండి.

ఇక విషయానికి వద్దాం. సెకండియర్‌లో ఎవరిని కదిపినా ఇప్పుడు రెండే ప్రశ్నలు. ప్రాజెక్ట్ ఏం చేస్తున్నావు? గైడ్ ఎవరు? మనలో కొంతమంది అమీర్‌పేట వెళ్లి రెడీమేడ్ ప్రాజెక్ట్ కొనుక్కుని, వైవా ముందు రోజు రాత్రి కోడ్ బట్టీ పడతారు. వాళ్ల సంగతి ఇక్కడ రాయను. నిజంగా ఒక ప్రొఫెసర్ దగ్గర చేరి, జవాబు ఎవరికీ తెలియని ప్రశ్న మీద ఆరు నెలలు కూర్చుందాం అనుకునేవాళ్ల కోసం ఈ వ్యాసం. అందులో నేను ఒక దెబ్బ తిన్నాను. ఆ దెబ్బ ఏంటో అర్థమైంది మాత్రం నూటముప్పై ఏళ్ల కిందట మా ఇంటికి దగ్గర్లోనే జరిగిన ఒక రీసెర్చ్ గురించి చదివాక. అందుకని ముందు ఆ కథ, తర్వాత నా కథ, చివర్లో మీకు పనికొచ్చే నాలుగు మాటలు.

నయాపూల్ దాటాక

మాది షాలిబండ. కాలేజీకి వెళ్లాలంటే చార్మినార్, మదీనా, నయాపూల్ మీదుగా రోజూ వెళ్తాను. నయాపూల్ మీద బస్సు ఆగిందంటే ఒక ఒడ్డున హైకోర్టు, అవతలి ఒడ్డున ఉస్మానియా హాస్పిటల్ కనిపిస్తాయి. ఆ హాస్పిటల్ ఆవరణలోని చింతచెట్టు కథ చాలామందికి తెలుసు. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగినప్పుడు ఆ చెట్టెక్కి నూటయాభై మంది దాకా బతికారని చెబుతారు. అదే వరదలో పోయినవాటిలో పాత అఫ్జల్‌గంజ్ హాస్పిటల్ ఒకటి. మన కథ ఆ హాస్పిటల్‌లో మొదలవుతుంది.

నిజాం ప్రభుత్వం హైదరాబాద్ మెడికల్ స్కూల్‌ను 1846లో పెట్టింది. నేటి ఉస్మానియా మెడికల్ కాలేజీకి మూలం అదే. 1880లలో ఆ స్కూలుకి ఎడ్వర్డ్ లారీ అనే బ్రిటిష్ సర్జన్ ప్రిన్సిపాల్‌గా వచ్చాడు. పేరు చూసి నవ్వుకోండి, పరవాలేదు, నేనూ నవ్వుకున్నాను. ఆయన కాలంలోనే అక్కడ పాఠాలు ఉర్దూ నుంచి ఇంగ్లిష్‌లోకి మారాయి. ఆడపిల్లలను చేర్చుకున్నదీ అప్పుడే. 1885లో చేరిన రూపాబాయి ఫర్దూన్‌జీ అక్కడ చదువుకుని మత్తు డాక్టర్ అయ్యారు. ప్రపంచంలో తొలి మహిళా మత్తు డాక్టర్ ఆవిడేనని చాలామంది రాశారు.

లారీ గురించి ముందు మంచే చెప్పాలి, ఎందుకంటే గైడ్‌గా ఆయనలో మంచి చాలా ఉంది. విద్యార్థులను గోడకి ఆనుకుని చూడమనలేదు. ఆపరేషన్ టేబుల్ దగ్గర పేషెంట్‌కి క్లోరోఫామ్ ఇచ్చే పని చదువుకుంటున్నవాళ్లకే అప్పజెప్పాడు. ఇరవై ఏళ్ల పిల్లల చేతిలో ఒక మనిషి ఊపిరి! మనకేమో ల్యాబ్‌లో అడ్మిన్ పాస్‌వర్డ్ కూడా ఇవ్వరు.

గొడవ దేని మీద

క్లోరోఫామ్‌ను మత్తుమందుగా 1847లో ఎడిన్‌బరోలో జేమ్స్ యంగ్ సింప్సన్ వాడకంలోకి తెచ్చాడు. గుడ్డ మీద కొంచెం వేసి ముక్కు దగ్గర పెడితే నిమిషాల్లో నిద్ర. మత్తుమందులు రాకముందు ఆపరేషన్ అంటే నలుగురు పట్టుకుని కోయడమే కాబట్టి ప్రపంచమంతా ఎగబడింది. కానీ 1848 జనవరి 28న ఇంగ్లండ్‌లో న్యూకాజిల్ దగ్గర హన్నా గ్రీనర్ అనే పదిహేనేళ్ల అమ్మాయి కాలి గోరు తీయించుకోవడానికి క్లోరోఫామ్ పీల్చి, కొద్ది నిమిషాల్లోనే చనిపోయింది. కాలి గోరు కోసం!

ఎలా చనిపోయింది? గుండె ఆగి చనిపోయిందని లండన్ డాక్టర్ జాన్ స్నో అన్నాడు. లేదు, తెప్పరిల్లడానికి నోట్లో పోసిన నీళ్లూ బ్రాందీ వల్ల ఊపిరాడక పోయిందని సింప్సన్ అన్నాడు. చావు ఒకటే, కారణాలు రెండు. అక్కణ్నుంచి డాక్టర్లు రెండు వర్గాలయ్యారు. గుండెను నమ్మేవాళ్లు నాడి పట్టుకుని కూర్చోవాలన్నారు. ఊపిరిని నమ్మేవాళ్లు నాడి వదిలేయండి, శ్వాస చూడండి అన్నారు.

ఈ రెండో వర్గానికి పెద్ద గురువు ఎడిన్‌బరో సర్జన్ జేమ్స్ సైమ్. మన లారీ ఆ సైమ్ శిష్యుడు. అంటే అఫ్జల్‌గంజ్ విద్యార్థులకు వచ్చిన పాఠం ఎడిన్‌బరోలో పుట్టి, ఒక గురువు నుంచి ఇంకో గురువుకు చేతులు మారి, మూసీ ఒడ్డుకి చేరింది. "శ్వాసే చూడు." ఈ మాటను గుర్తుపెట్టుకోండి.

రెండు కమిషన్లు

నమ్మకం ఉంటే సరిపోదు, రుజువు కావాలని లారీకి తెలుసు. నిజాం ప్రభుత్వం డబ్బుతో 1888లో మొదటి హైదరాబాద్ క్లోరోఫామ్ కమిషన్ ఏర్పడింది. కుక్కల మీద ప్రయోగాలు చేశారు. (ఈ రోజుల్లో ఎథిక్స్ కమిటీ అనుమతి లేకుండా ఒక్కటి కూడా కుదరదు.) ప్రతిసారీ ముందు శ్వాస ఆగింది, తర్వాతే గుండె ఆగింది. అంటే శ్వాస చూసుకుంటే చాలు, క్లోరోఫామ్ వల్ల గుండెకి ప్రమాదం లేదు.

లండన్‌లోని లాన్సెట్ పత్రిక దీన్ని అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. అప్పుడు జరిగింది చూడండి. నమ్మకపోతే మీ మనిషినే పంపండి, ఖర్చు మాది అని నిజాం ప్రభుత్వం 1,000 పౌండ్లు ఇచ్చింది. లాన్సెట్ తరఫున థామస్ లాడర్ బ్రంటన్ 1889లో హైదరాబాద్ వచ్చాడు. ఆయన గుండె ప్రమాదాన్ని నమ్మినవాడు. అంటే లారీ తనను కాదనే మనిషినే ఇంటికి పిలిచాడు. మన వైవాకి ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ ఎవరొస్తున్నారో వారం ముందే ఆరా తీసే మనం ఈ విషయంలో ఆయనకు నమస్కారం పెట్టాలి.

రెండో కమిషన్‌లో కుక్కలు, గుర్రాలు, కోతులు, మేకలు, పిల్లులు, కుందేళ్లు అన్నీ కలిపి 490 జంతువుల మీద ప్రయోగాలు జరిగాయి. 120 వాటిలో రక్తపోటు కొలిచే మానోమీటర్ పెట్టి చేశారు. వచ్చిన గీతలన్నిటికీ ఫోటోలు తీశారు. ఆఖరికి బ్రంటన్ కూడా మనసు మార్చుకుని లండన్‌కి టెలిగ్రామ్ కొట్టాడు. ప్రమాదమంతా ఊపిరాడకపోవడం, మోతాదు మించడం వల్లే, నేరుగా గుండె వల్ల ఏమీ లేదని దాని సారాంశం.

490 శాంపిల్స్. ఇద్దరు వ్యతిరేకులు చివరికి ఒకే మాట మీదికి వచ్చారు. ప్రతి గీతకీ ఫోటో ఉంది. మనలో ఎవరి ప్రాజెక్ట్ అయినా ఇంత పకడ్బందీగా ఉంటుందా?

అయినా తప్పే.

ఎక్కడ తప్పింది

1893లో కేంబ్రిడ్జ్‌లో గాస్కెల్, షోర్ అనే ఇద్దరు ఒక తెలివైన పని చేశారు. క్లోరోఫామ్ కలిసిన రక్తాన్ని ఒకసారి మెదడుకి మాత్రమే, ఇంకోసారి గుండెకి మాత్రమే వెళ్లేలా ఏర్పాటు చేశారు. రక్తపోటు పడిపోవడానికి కారణం మందు నేరుగా గుండె మీద పనిచేయడమేనని తేలింది. మనం కోడ్‌లో తప్పు ఎక్కడుందో తెలియనప్పుడు ఒక్కో ఫంక్షన్‌నీ విడదీసి టెస్ట్ చేస్తాం కదా, అదే పద్ధతి.

అసలు ముడి 1911లో విడింది. గుడ్‌మన్ లెవీ అనే డాక్టర్ పిల్లుల మీద చేసిన ప్రయోగాల్లో చూపించింది ఏంటంటే, మత్తు బాగా ఎక్కినప్పటికంటే సగం మత్తులో ఉన్నప్పుడే గుండెకి ఎక్కువ ప్రమాదం. భయపడినప్పుడు మన ఒంట్లో అడ్రినలిన్ ఊరుతుంది. తేలికపాటి క్లోరోఫామ్ మత్తుకి ఆ అడ్రినలిన్ తోడైతే గుండె కండరం క్రమం తప్పి వణకడం మొదలుపెడుతుంది. వణుకుతుందే కానీ రక్తాన్ని తోయదు. మనిషి ఉన్నట్టుండి పోతాడు. హన్నా గ్రీనర్ లాంటి చావులకు ఇది సరిగ్గా సరిపోతుంది. చిన్న ఆపరేషన్, భయపడిన పిల్ల, మత్తు ఇంకా మొదట్లోనే ఉంది.

ఇప్పుడు 490 జంతువుల దగ్గరికి తిరిగి వెళ్దాం. కమిషన్ వాళ్లు వెతికింది మోతాదు ఎక్కువైతే ముందు ఏది ఆగుతుంది అని. దాని మీద లెక్కలేనన్ని కొలతలు తీసుకున్నారు. ఎక్కువ మోతాదులో శ్వాసే ముందు ఆగుతుంది, అది నిజమే. కానీ చావు దాక్కున్నది తక్కువ మోతాదులో. ఆ మూల వాళ్లు వెతకలేదు. సీఎస్ భాషలో చెప్పాలంటే డేటాసెట్ పెద్దదే, కానీ మోడల్ ఫెయిలయ్యే కేసులు అందులో లేవు. 490 బదులు 4,900 చేసినా అదే జవాబు వచ్చేది.

ఆ మూల ఎందుకు చూడలేదు? నాకు తోచింది ఇది. "శ్వాసే చూడు" అన్నది మంచి సలహా. మత్తిచ్చేటప్పుడు శ్వాస గమనించాలన్నది ఇప్పటికీ నిజం. ఆ జాగ్రత్త వల్ల మేలు జరిగే ఉంటుంది. కానీ ఎక్కడ చూడాలో చెప్పే సలహా, చెప్పకుండానే ఇంకో పని కూడా చేస్తుంది. ఎక్కడ చూడక్కర్లేదో కూడా నిర్ణయించేస్తుంది. సైమ్ నుంచి లారీకి, లారీ నుంచి తన విద్యార్థులకు పద్ధతితో పాటు ఆ చూడని మూల కూడా వారసత్వంగా వచ్చింది. లారీ తన మాట మార్చుకోలేదు.

నా సైన్‌బోర్డుల కథ

ఇదంతా నేను ఎందుకు చదివానంటారా? పోయిన సెమిస్టర్‌లో ఒక మేడమ్ దగ్గర ప్రాజెక్ట్‌లో చేరాను. ఇద్దరం టీమ్. ఓల్డ్ సిటీ షాపుల బోర్డుల మీద తెలుగు, ఉర్దూ, ఇంగ్లిష్ మూడూ కలిసి ఉంటాయి కదా. ఫోటో ఇస్తే ఏ ముక్క ఏ లిపిలో ఉందో ప్రోగ్రామ్ చెప్పాలి. ఐడియా మేడమ్‌ది. ఫోటోలు తీసే పని నాది, ఎందుకంటే ఆ గల్లీలన్నీ నావి. ఉర్దూ సరిచూసి పెట్టింది మా వెనకింటి భాయ్. ఫీజు రెండు ఇరానీ చాయ్‌లు, ఒక ప్లేట్ ఉస్మానియా బిస్కెట్లు.

"ఎన్ని ఫోటోలు ఉంటే అంత మంచిది" అన్నారు మేడమ్. మంచి సలహానే. నేను దాన్ని ఎలా పాటించానంటే, ఒక్కో బోర్డుని మూడు నాలుగు వైపుల నుంచి ఫోటో కొట్టాను. అలా వెయ్యి దాటించాను. తర్వాత అన్నీ కలిపేసి, ఎనభై శాతం ట్రైనింగ్‌కి, ఇరవై శాతం టెస్టింగ్‌కి పంచాను. రిజల్ట్ 96 శాతం వచ్చింది. మేడమ్ సంతోషపడ్డారు. ఒక స్టూడెంట్ కాన్ఫరెన్స్‌కి పంపుదామన్నారు. నేను ఇంట్లో కూడా చెప్పేసుకున్నాను. అమ్మ పక్కింటి ఆంటీకి చెప్పింది. మీకు తెలుసు కదా ఎలా ఉంటుందో.

పంపడానికి రెండు రోజుల ముందు, రాత్రి, పేపర్‌లో పెట్టడానికి బాగున్న టెస్ట్ ఫోటోలు ఏరుతున్నాను. ఒక అత్తరు షాపు బోర్డు కనిపించింది. ఇది ట్రైనింగ్‌లో కూడా చూశానే అనిపించింది. వెతికాను. ఉంది. అదే బోర్డు, ఎడమ వైపు నుంచి. ఇంకోటి వెతికాను, అదీ ఉంది. అంటే నా ప్రోగ్రామ్ లిపులు నేర్చుకోలేదు, బోర్డులు గుర్తుపట్టడం నేర్చుకుంది. ముందు రోజు చూసిన పేపరే పరీక్షలో వస్తే 96 రావడంలో గొప్పేముంది?

నిజం చెప్తున్నాను, ల్యాప్‌టాప్ మూసేసి పడుకుందామనుకున్నాను. ఎవరికీ తెలియదు. మేడమ్ అడగలేదు. రిజల్ట్ బాగుంటే ఎవరూ అడగరు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు కాబట్టి ఒక బోర్డు ఫోటోలన్నీ ఒకే వైపు ఉండేలా మళ్లీ పంచి, రన్ చేశాను. 81.

పొద్దున్నే వెళ్లి మేడమ్‌కి చెప్పాను. చాలాసేపు స్క్రీన్ వైపు చూశారు. తర్వాత ఒకటే అడిగారు: "మొత్తం మీద వేరే వేరే బోర్డులు ఎన్ని?" మూడు వందల పైచిలుకు. "అయితే మన దగ్గర ఉన్నది వెయ్యి కాదు, మూడు వందలు. నేనూ ఆ ప్రశ్న ముందే అడగాల్సింది" అన్నారు. కాన్ఫరెన్స్‌కి పంపలేదు. నా టీమ్‌మేట్‌కి రెజ్యూమెలో ఒక లైన్ పోయింది. రెండు వారాలు నాతో మాట్లాడలేదు. తప్పు నాది, శిక్ష ఇద్దరికీ పడింది. అది ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

తర్వాత ఇంకోటి కూడా తేలింది. నా ఫోటోలన్నీ ఆదివారం పొద్దున, ఎండలో, మెయిన్ రోడ్ల మీద తీసినవే. చేత్తో రాసిన పాత షట్టర్లు, రంగు వెలిసిన బోర్డులు, గల్లీల్లో నీడలో ఉన్నవి దాదాపు లేవు. ప్రోగ్రామ్ తడబడేది సరిగ్గా అక్కడే. అది కూడా నా 'తక్కువ మోతాదు' అన్నమాట. ఇప్పుడు ఆ షట్టర్ల వెంట పడ్డాను.

మరి మనం చేయాల్సింది ఏంటి

గైడ్ మాట వినొద్దని నేను చెప్పడం లేదు. గైడ్ లేకపోతే మనకు ప్రశ్న కూడా సరిగ్గా దొరకదు. అమెరికాలో ఎంఐటీ 1969లో మార్గరెట్ మెక్‌వికార్ ఆధ్వర్యంలో అండర్‌గ్రాడ్యుయేట్ విద్యార్థులను ప్రొఫెసర్ల రీసెర్చ్‌లో చేర్చే పథకం మొదలుపెట్టింది. తర్వాత చాలా యూనివర్సిటీలు అదే దారి పట్టాయి. మన దగ్గర కూడా దారులున్నాయి. 1999లో మొదలైన కేవీపీవై స్కాలర్‌షిప్ 2022లో ఆగిపోయి ఇన్‌స్పైర్‌లో కలిసింది. మూడు సైన్స్ అకాడమీలు కలిసి వేసవిలో రెండు నెలల ఫెలోషిప్ ఇస్తాయి. అప్లికేషన్ మాత్రం వేసవికి చాలా నెలల ముందే పెట్టాలి. గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీలో బీటెక్‌తో పాటు రీసెర్చ్ ఎంఎస్ చేసే ఐదేళ్ల కోర్సు ఉంది. నాలుగేళ్ల డిగ్రీ చదివే మీ ఫ్రెండ్స్‌కి మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం ఉంటే నాలుగో ఏడాది రీసెర్చ్‌తో ఆనర్స్ చేసే వీలు యూజీసీ కల్పించింది.

ఏ సబ్జెక్ట్ అయినా మొదటి నెల బోరే. బయాలజీలో పిపెట్ పట్టడం, కెమిస్ట్రీలో గాజు సామాను కడగడం, మ్యాథ్స్‌లో ఒకే పేపర్‌ని ఇరవై సార్లు చదవడం, మనకైతే డేటా శుభ్రం చేయడం. భయపడకండి. నా అత్తరు షాపు బోర్డు దొరికింది కూడా ఆ బోరు పనిలోనే.

చేరాక నాలుగు పనులు చేయండి. నేను ఆలస్యంగా నేర్చుకున్నవి ఇవి.

ఒకటి, గైడ్‌కి మెయిల్ రాసేముందు వాళ్ల పేపర్ ఒకటైనా చదవండి. "రెస్పెక్టెడ్ సర్, ఐ యామ్ ప్యాషనేట్" అని మొదలయ్యే మెయిల్ వాళ్లకి రోజుకి చాలా వస్తాయి. పేపర్‌లో మీకు అర్థం కాని ఒక చోటు గురించి ఐదు లైన్లు రాయండి చాలు.

రెండు, అన్నీ రాసిపెట్టండి, ఫెయిలైనవి కూడా. అఫ్జల్‌గంజ్ వాళ్లు తమ గీతలన్నీ ఫోటోలు తీసి రిపోర్టుతో పాటు బయటపెట్టారు. అందుకే వేరేవాళ్లు వాటిని ఎదురుగా పెట్టుకుని వాదించగలిగారు. తప్పు చేసినా, ఆ తప్పు ఎవరైనా పట్టుకునేలా చేశారు. అది చిన్న విషయం కాదు.

మూడు, రిజల్ట్ మీరు కోరుకున్నట్టే వచ్చిన రోజు పార్టీ ఒక్కరోజు వాయిదా వేయండి. 60 శాతం వస్తే రాత్రంతా తప్పు వెతుకుతాం. 96 వస్తే వెతకం. లారీ దగ్గరా అదే జరిగిందనుకుంటాను.

నాలుగు, నెలకి ఒకసారి గైడ్‌ని ఈ ప్రశ్న అడగండి: "మేడమ్, మనం అనుకుంటున్నది తప్పైతే, ఆ తప్పు ఎక్కడ కనిపిస్తుంది?" అడిగే పద్ధతిలో అడిగితే ఇది ఎదురు చెప్పినట్టు కాదు. మంచి గైడ్‌కి ఈ ప్రశ్న ఇష్టం. సమాధానం ఏదైనా సరే, ఆ వారం వెళ్లి అక్కడ చూడండి.

గైడ్‌కి అనుభవం ఉంటుంది, కానీ వాళ్లకీ ఒక గురువు ఉండి ఉంటారు, ఆ గురువుకి ఒక నమ్మకం ఉండి ఉంటుంది. పందొమ్మిదేళ్ల మనకి ఉన్న ఒకే ఒక్క ఆస్తి, ఆ నమ్మకం ఇంకా మనకి పూర్తిగా అలవాటు కాకపోవడం. దాన్ని వాడుకుందాం.

నయాపూల్ మీద బస్సు ఆగినప్పుడల్లా నాకు ఇప్పుడు ఆ విద్యార్థులు గుర్తొస్తారు. చేతిలో క్లోరోఫామ్ గుడ్డ, కళ్లు పేషెంట్ ఛాతీ మీద, శ్వాస లెక్కపెడుతూ. వాళ్లలో ఎవరికైనా ఒక్కసారైనా నాడి పట్టుకుని చూడాలనిపించిందా? ఆ వేలు అక్కడ పెట్టడానికి ఎంత ధైర్యం కావాలో నాకు ఆ 81 వచ్చిన రాత్రి కొంచెం తెలిసింది.

ఈ ఆదివారం షాలిబండ నుంచి హుస్సేనీ ఆలం వైపు షట్టర్ల ఫోటోలకి వెళ్తున్నాను. టీమ్‌మేట్ కూడా వస్తానన్నాడు. మాటలు కలిశాయి. మీరూ వస్తే చాయ్ నాది.